ఒక్క వేలితో ఊడే కట్టు

వనపర్తి బస్టాండు వెనక, లారీలు నిలిపే సందులో ఫకీరు సీట్ల దుకాణం ఉండేది. జీపు సీటు చిరిగితే అక్కడికే, ఆటో టాపు కారితే అక్కడికే. కింద స్ప్రింగు గుచ్చుకుంటోందని ట్రాక్టరు డ్రైవరు మూలుగుతూ వచ్చినా అక్కడికే. దుకాణం ముందర రెగ్జిన్ చుట్టలు, లోపల కొబ్బరిపీచు, ఆ పీచు మధ్యలో ఫకీరు. గడ్డంలో కూడా పీచే. సాయంత్రం ఇంటికి వెళితే భార్య అక్తర్ బేగం గుమ్మంలోనే ఆపి, పరుపు దులిపినట్టు దులిపితే గానీ లోపలికి రానిచ్చేది కాదు.

పని సీట్లదే అయినా ఆయన ప్రాణమంతా చప్పుళ్లలో ఉండేది. అన్ని చప్పుళ్లూ కాదండోయ్. ఒక వస్తువు ఇంకో వస్తువులో సరిగ్గా కూర్చున్నప్పుడు 'ఠక్' మంటుందే, ఆ చప్పుడు. వాళ్ల నాన్న సంతల్లో గోనెసంచి పరుచుకుని తాళాలు బాగుచేసేవాడు. ఆ పక్కన కూర్చుని తాళం వేయడం, తీయడం, మళ్లీ వేయడం, ఇదే ఫకీరు చదువు. పెళ్లయిన కొత్తలో అక్తర్ బేగం సిగ్గుపడుతూ ట్రంకుపెట్టె మూత వేస్తే, ఈయన చెవి రిక్కించి విని, "ఎడమదిక్కు గొళ్లెం వంగింది బేగం" అన్నాడు. ఆమె ఇంకేదో మాట వింటాననుకుని కూర్చుంది పాపం. "గీ మనిషితోని ఎట్ల ఏగాల్నో అనుకున్న" అని ఇప్పటికీ చెప్పుకుని నవ్వుతుంది.

ఫకీరుకు చిన్ననాటి దోస్తు ఒకడున్నాడు, కురుమూర్తి. తెల్ల జీపు కిరాయికి తిప్పేవాడు. మనిషి భారీ, గొంతు అంతకన్నా భారీ. బండి హారను చెడిపోయినా ఆయనకు లోటు తెలిసేది కాదు, తల బయటపెట్టి ఒక్క కేక వేస్తే బర్రెలు కూడా పక్కకు జరిగేవి. హైదరాబాదులో ఎవరో వాడి అమ్మేసిన జీపు అది. దానికి ముందు సీట్లు రెండిటికీ బెల్టులు ఉన్నాయి. రెండు వేల నాలుగో ఐదో సంవత్సరం నాటి మాట. అప్పట్లో మా దిక్కు బెల్టు కట్టుకున్న డ్రైవరును చూస్తే, వీడికేదో నడుం నొప్పి కాబోలు అనుకునేవాళ్లు. కురుమూర్తి తన బెల్టును సీటు వెనక్కి తోసేశాడు. పక్క సీటు బెల్టుకు మాత్రం ఒక ఉద్యోగం ఇచ్చాడు. దాని చివరనున్న ఇనుప నాలుకకున్న కన్నం అంచుకు కూల్‌డ్రింకు సీసా మూత తగిలించి ఒక్క విసురు విసిరితే మూత ఎగిరి బయట పడేది.

ఆ పక్క సీట్లో మొదటిసారి కూర్చున్న రోజున ఫకీరు ఆ నాలుకను సీటు పక్కనున్న చిన్న పెట్టెలోకి నెట్టాడు. 'ఠక్'. పెట్టె మీది ఎర్ర మీట నొక్కాడు, నాలుక బయటికి దూకింది. మళ్లీ నెట్టాడు. వనపర్తి నుంచి పాన్‌గల్ చేరేదాకా ఇదే పని.

"అరే, నా దిమాక్ ఖరాబు చెయ్యకురా!" అని కురుమూర్తి మొత్తుకున్నాడు.

ఆ చప్పుడు వెనక ఏముందో చూడకపోతే ఫకీరుకు అన్నం సయించలేదు. పాత ఇనుప సామాన్ల కొట్టులో విరిగిన బెల్టు పెట్టె ఒకటి సంపాదించి, ఇంట్లో చాప మీద విప్పి కూర్చున్నాడు. చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. నాలుకకు మధ్యలో ఒక కన్నం ఉంటుంది. అది లోపలికి పోగానే, కాచుకుని ఉన్న కొక్కెం ఆ కన్నంలోకి దిగుతుంది. నాలుకను ఎంత గుంజినా కొక్కెం వదలదు. పైన ఎర్ర మీట నొక్కితే కొక్కెం పక్కకు తప్పుకుంటుంది, వెనక నక్కి ఉన్న బుల్లి స్ప్రింగు నాలుకను బయటికి తన్నేస్తుంది. అంతే.

"సూసినవా బేగం! తాళానికైతె చెవి గావాలె, దీనికి వేలు సాలు. మనిషంత బలం పెట్టి గుంజితె ఇడువదు, ఒక్క వేలు పెడితె ఇడుస్తది. ఎంత తెలివో సూడు!"

"నేను మిమ్మల్ని రెండు తీర్ల సూసిన. గుంజినా ఆ దుకాణం ఇడువరు, వేలు పెట్టి పొడిచినా ఇడువరు" అంది బేగం, రొట్టె కాలుస్తూ.

ఇదంతా ముచ్చట. అసలు సంగతి మన్ననూరు అడవిలో మొదలైంది. శ్రీశైలం యాత్రికులను దించి ఇద్దరూ తెల్లవారుజామున తిరిగి వస్తున్నారు. మలుపు తిరగగానే ఎదురుగా అడవిపంది, దాని వెనక పిల్లల వరస. కురుమూర్తి బ్రేకు మీద నిలబడ్డాడు. ఆ చప్పుడు సరదాకు బెల్టు కట్టుకుని కూర్చున్న ఫకీరును, సంతలో అమ్మ రెక్క పట్టి వెనక్కి లాగినట్టు, ఆ పట్టీ సీటుకు లాగి పెట్టింది. కట్టుకోని కురుమూర్తి నోరు పోయి స్టీరింగుకు కొట్టుకుంది. పంది కుటుంబం నిమ్మళంగా దాటిపోయింది. కురుమూర్తి ముందు పన్ను మాత్రం పోయింది. పాపం జీపు కిందా సీటు కిందా చాలాసేపు వెతికాడు, దొరకలేదు.

"ఇగ నువ్వు బెల్టు కట్టాలెరా" అన్నాడు ఫకీరు.

"నేను కట్టను." నోటికి తువ్వాల అడ్డం పెట్టుకునే కురుమూర్తి గట్టిగా అన్నాడు. "నేను క్లీనరుగ ఉన్నప్పుడు లారీ కాలువల పడ్డది, నీకు తెల్వదా? తలుపు తీసి దునికిన, బతికిన. గిప్పుడు నన్ను సీటుకు కట్టేస్త అంటవు. బండి నీళ్లల్ల పడితె?"

"ఎర్రది నొక్కితె ఊడుతది కదరా."

"ఊడకపోతె?"

ఫకీరు వేలితో ఆ ఎర్ర మీటను తడిమాడు. ఊడకపోతే? నిజమే కదా. కట్టు అన్నాక పట్టుకోవడం ఎంత ముఖ్యమో వదలడం అంత ముఖ్యం. "ఒక్క వేలితోని ఊడేటట్టు చేసి సూపిస్త. అప్పుడు కడుతవా?" అన్నాడు.

"చెయ్యి. అప్పుడు సూద్దాం" అన్నాడు కురుమూర్తి.

ఇక ఫకీరుకు అదే లోకమైంది. వారానికి ఎన్నిసార్లో ఆ ఘాట్ రోడ్డు మలుపులు ఎక్కి దిగే మనిషి. ఈసారి పన్నుతో పోయింది. ఎప్పుడో ఒకప్పుడు మనిషే పోతే? తనకు తోబుట్టువులు లేరు, ఉన్న ఒక్క దోస్తూ వీడే. ఆ భయాన్ని ఫకీరు బేగంకు తప్ప ఎవరికీ చెప్పలేదు.

జీపు తెచ్చి రెండు పెట్టెలూ చూశాడు. నోటినిండా పల్లీల పొట్టే! పాలమూరులో జీపెక్కి పల్లీలు తినని వాడెవడు, తిని ఆ ఎర్ర పొట్టును ఊదని వాడెవడు? చీపురుపుల్లతో గెలికి పొట్టు తీశాడు. ఆ తర్వాత, వాళ్ల నాన్న తాళాలకు పోసినట్టే, ఆముదం పోశాడు. మా దిక్కు ఆముదానికి లొంగనిది లేదు మరి. ఎడ్లబండి ఇరుసుకు ఆముదం, పసిబిడ్డ మాడుకు ఆముదం, కడుపు బిగిస్తే ఆముదం. బెల్టు పెట్టె ఏం పాపం చేసిందని దానికి తక్కువ చేస్తాడు? ధారాళంగా పోశాడు.

వెన్నలో వేలు పెట్టినట్టు ఊడింది. కురుమూర్తి కూడా నొక్కి చూసి, "మంచిగనే ఉంది. పిల్లగాని పెండ్లి ఐపోనీ, కడుత" అన్నాడు. ఫకీరుకు ఏనుగెక్కినంత సంబరం.

ఆ పిల్లగాడు కురుమూర్తి మేనల్లుడు భానుప్రకాశ్. ఊరు పాన్‌గల్. పిల్ల మానసది తెలకపల్లి. మండు వేసవిలో పెళ్లి. వరుణ్ణి మేనమామ జీపులోనే తీసుకుపోవాలన్నారు. పట్టుధోవతి, నుదుట బాసింగం, చేతికి కంకణంతో భానుప్రకాశ్ వచ్చి ముందు సీట్లో కూర్చున్నాడు. హైదరాబాదులో చదువుకున్న పిల్లవాడు.

"ఫకీరు మామా, నువ్వు బాగుచేసిన బెల్టంట గద!" అంటూ తనే లాగి కట్టుకున్నాడు. 'ఠక్'. వెనక సీట్లో ఉన్న ఫకీరు గడ్డం నిమురుకున్నాడు. చప్పుడు కొంచెం మందంగా ఉందేమో అని చెవికి తోచింది గానీ, బాజాల హోరులో పట్టించుకోలేదు.

దారిపొడుగునా దుమ్ము. అద్దాలన్నీ దించేశారు. వెనక నుంచి పల్లీల పొట్లాలు చేతులు మారుతూ వచ్చాయి. గాలికి పొట్టంతా వరుడి ఒళ్లో పడింది. నవ్వులు, పాటలు, తెలకపల్లి పొలిమేర వచ్చేసింది.

పొలిమేరలో ఎదురుకోలు. పిల్ల తరఫువాళ్లు షర్బతు గ్లాసులతో, పూలదండలతో నిలబడి ఉన్నారు. బ్యాండువాళ్లు ఊదుతున్నారు. వరుడు దిగాలి. దిగడం లేదు.

భానుప్రకాశ్ ఎర్ర మీట నొక్కాడు. ఇంకా గట్టిగా నొక్కాడు. రెండు బొటనవేళ్లూ పెట్టి నొక్కాడు. పైకి లేవబోతే పట్టీ ఇంకా బిగిసి సీటుకు అదిమింది. మొహాన చెమటలు పట్టాయి, బాసింగం పక్కకు ఒరిగింది.

బయట ఉన్నవాళ్లకు ఇదేం తెలుసు? వాళ్లకు కనిపిస్తున్నదల్లా ఒక్కటే, అల్లుడు మొహం మాడ్చుకుని బండి దిగడం లేదు. పెళ్లిలో వరుడు దిగకపోతే దానికి మా దగ్గర ఒక్కటే అర్థం, అలిగాడు. "స్కూటరు అడుగుతుండేమో" అని ఒకావిడ, "మర్యాద తక్కువైందేమో" అని ఇంకొకావిడ. క్షణంలో గుంపంతా గుసగుసలు. పిల్ల తండ్రి రామచంద్రయ్య చేతులు జోడించుకుంటూ ముందుకు వచ్చాడు.

"ఏం తక్కువైంది అల్లుడా? ఏమున్నా కూసోని మాట్లాడుకుందాం. దిగు నాయనా."

"నాకేమొద్దు మామా!" భానుప్రకాశ్ ఏడుపు గొంతుతో అరిచాడు. "నన్ను దింపుండ్రి, సాలు!"

ఇక చూడండి తమాషా. విషయం తెలిసేసరికి తలా ఒక చెయ్యి వేశారు. ఇద్దరు పట్టీని గుంజారు, ఒకాయన వరుణ్ణే గుంజాడు. సీటుతో సహా విప్పేసి పల్లకీలా మోసుకుపోదామని ఎవరో సలహా ఇచ్చారు. పురోహితుడు ముహూర్తం ముహూర్తం అని జపం మొదలుపెట్టాడు. ఒకాయన కొడవలి తెచ్చాడు.

"కంకణం కట్టిన పిల్లగాని మీదికి కత్తి తెస్తవుర? సిగ్గు లేదు?" అంటూ పిల్ల నానమ్మ జములమ్మ ఆ కొడవలి లాక్కుని తన కొంగు చాటున పెట్టుకుంది.

ఫకీరు వెనక సీటు దిగి ముందు తలుపు దగ్గరికొచ్చాడు. ఆయన నోరు పెద్దది కాదు. ఆ రోజు మాత్రం ఎక్కడి నుంచి వచ్చిందో గొంతు. "ఎవ్వరు గుంజకుండ్రి! గుంజితె అది ఇంక గట్టిగ పడతది. పిల్లగా, లేవకు. ఎనకకు ఒరుగు, ఊపిరి ఇడువు." వంగి వాసన చూశాడు. ఆముదం, దుమ్ము, పల్లీల పొట్టు. లోపల బంక అయిపోయింది. సంగతి అర్థమై సగం చచ్చిపోయాడు. "అమ్మా, జర వేడినీళ్లు కావాలె" అన్నాడు జములమ్మతో.

వంట పొయ్యి దగ్గరి నుంచి ఆమే స్వయంగా చెంబుతో తెచ్చింది. ఫకీరు వరుడి ఒళ్లో తువ్వాల మడిచి వేసి, పెట్టె నోట్లోకి సన్నధారగా పోశాడు. "అల్లునికి ఇంకోపారి మంగళస్నానం!" అని ఎవరో అరిస్తే అందరూ గొల్లుమన్నారు. ఇంకాస్త పోసి, నాలుకను బయటికి లాగకుండా లోపలికే నెట్టి, మీట మీద వేలు ఆనించాడు. చివరికి ఎలాగో కొక్కెం కదిలింది. నాలుక జారి వరుడి ఒళ్లో పడింది. తర్వాత తాళి కట్టినప్పుడు కూడా అంత గట్టిగా మోగలేదట బాజాలు! తడిసిన పట్టుధోవతితో భానుప్రకాశ్ ఒకటే పరుగు. ముహూర్తం దాటలేదు. విషయం విన్న పెళ్లికూతురు జీలకర్ర బెల్లం పెట్టేటప్పుడు కూడా నవ్వు ఆపుకోలేకపోయిందట.

అందరూ నవ్వారు, ఫకీరు నవ్వలేదు. విస్తరి ముందు కూర్చుని అన్నాన్ని వేలితో అటూ ఇటూ జరుపుతున్నాడు. కురుమూర్తి వచ్చి పక్కన కూర్చుని, ఎగతాళి ఏమీ లేకుండా మెల్లగా అన్నాడు. "నీళ్లల్ల పడ్డప్పుడు నాకు చెంబు వేడినీళ్లు ఎవడు తెస్తడురా?"

దాంతో అంతా మొదటికొచ్చింది. మర్నాడు కురుమూర్తి తన బెల్టును మళ్లీ సీటు వెనక్కి తోసేశాడు.

ఫకీరు కొన్నాళ్లు దుకాణంలో మనిషిలా లేడు. సీటు కుట్టమంటే టాపు కుట్టాడు. చూసి చూసి అక్తర్ బేగం కుట్టుమిషను దగ్గరి నుంచే అడిగింది.

"ఒక్క మాట చెప్పుండ్రి. నా మిషనుకు ఎవరన్న ఆముదం పోస్తరా?"

"పోస్తె ఇంకేమున్నది, దుమ్ము పట్టి బిగుసుకపోతది..." అని ఆగిపోయాడు ఫకీరు.

"మరి?" అంది బేగం, దారం కొరుకుతూ.

పెళ్లిలో పరువు తీసిన ఆ పెట్టెను ఆ రోజే కురుమూర్తి ముందు విప్పాడు. లోపల హల్వాలా నల్లటి ముద్ద. "ఇది నా తప్పు. తాళానికి చేసిందే దీనికి చేసిన" అన్నాడు. నాలుకను తుడిచి వెలుతురులో పెట్టి చూశాడు. కన్నం అంచు ఒకచోట వంగి, గరుకుగా లేచి ఉంది. కొక్కెం తప్పుకుందామన్నా ఆ గరుకు పట్టుకుంటోంది. "దీనికేమైందో తెల్వదు. ఇనుము గిట్ల ఉత్తగ వంగదు" అన్నాడు.

కురుమూర్తి ఆ వంపు చూశాడు. చేతిలో ఉన్న కూల్‌డ్రింకు సీసా చూశాడు. మెల్లగా సీసాను వెనక్కి దాచుకోబోయాడు. ఫకీరు కళ్లు దాని వెంటే పోయాయి.

"అరే... నువ్వా!"

"నాకేం తెలుసురా, అది గంత నాజూకని!"

ఇద్దరూ ఒకళ్లనొకళ్లు తిట్టుకోవడం మొదలుపెట్టి, మధ్యలో భానుప్రకాశ్ అరుపు గుర్తొచ్చి, పీచు మూటల మీద పడి నవ్వారు. పెళ్లి తర్వాత ఫకీరు నవ్వడం అదే మొదలు.

పాత పెట్టెలు రెండూ అవతల పారేశాడు. "వంగినదాన్ని సాపు చేసి మనిషి ప్రాణం దాని మీద పెట్టొద్దు" అని హైదరాబాదు పోయి కొత్తవి తెచ్చి బిగించాడు. చుక్క నూనె ముట్టించలేదు. తన పనితనం ఒక్కటే చేర్చాడు. పల్లీల పొట్టు పోకుండా ప్రతి పెట్టె నోటికీ ఒక చిన్న రెగ్జిన్ టోపీ కుట్టి, దారంతో వేలాడదీశాడు. అయినా కురుమూర్తి తల అడ్డంగా ఊపాడు. "దుకాణంల కూసోని నొక్కితె ఊడుతది. పెండ్లికి ముందు అదీ ఊడింది. బండి తలకిందులై, నా బరువంత దాని మీద పడ్డంక ఊడాలె. గప్పుడు నమ్ముత."

"ఐతె తలకిందులే ఐత" అన్నాడు ఫకీరు.

పక్కనే దేవరాజు ఇంజన్ల షెడ్డు. అక్కడ ఇంజన్లు ఎత్తే గొలుసు కప్పీ ఉంది. ఆదివారం పొద్దున జీపు సీటు ఒకటి బెల్టుతో సహా బిగించి, దాన్ని గొలుసుకు తగిలించారు. కింద పల్లీల పొట్టు మూటలు విప్పి గుట్టగా పోశారు. ఫకీరు కూర్చుని, బెల్టు వేసుకున్నాడు. 'ఠక్'. ఈసారి ఆ చప్పుడు గంటలా పలికింది. దేవరాజు గొలుసు లాగాడు. సీటు లేచింది, తిరిగింది, ఫకీరు గబ్బిలంలా వేలాడాడు. నెత్తి మీది టోపీ పడిపోయింది, జేబులోంచి బీడీలు పడిపోయాయి, గడ్డం నుదుటి మీదికి వచ్చింది. సందంతా జనం. ఆ వేళ బస్టాండులో బస్సులున్నాయి, ఎక్కేవాళ్లు లేరు.

"నొక్కనా?"

"ఆగురా, చాయ ఐపోనీ" అన్నాడు కురుమూర్తి, సాసరులో పోసుకుని ఊదుకుంటూ. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం!

ఎవరు చెప్పారో, అక్తర్ బేగం ఎదురుగా వచ్చి నిలబడింది. "దించుండ్రి నా మొగుణ్ణి! మీకు ఆటలు ఎక్కువైనయి!"

"వదినె, నేను దించితె పరీక్ష ఎట్ల ఐతది? ఆయనే దిగాలె."

ఫకీరు మొహం బీట్‌రూట్ ముక్కయింది. అయినా చెయ్యి చాపి అందరికీ ఒక్క వేలు చూపించాడు, చిటికెన వేలు. బరువంతా పట్టీ మీద ఉంది, పట్టీ తీగలా బిగిసి ఉంది. ఇప్పుడు ఊడకపోతే ఇక జన్మలో వీడు కట్టడు. మీట మీద చిటికెన వేలు పెట్టి నొక్కాడు.

ఠక్.

ఫకీరు పొట్టులో మునిగిపోయాడు. పైకి కాళ్లు మాత్రమే కనిపిస్తున్నాయి. జనం ఈలలు వేశారు. బేగం ఏడుస్తూ నవ్వుతూ కాళ్లు పట్టుకుని లాగింది. ఇక ఆ మనిషిని దులపడానికి ఆమెకు ఎంతసేపు పట్టి ఉంటుందో మీరే ఊహించుకోండి.

కురుమూర్తి సాసరు కింద పెట్టాడు. "నన్ను కట్టు" అన్నాడు. ఆయన బరువుకు గొలుసు మూలిగింది, దేవరాజు నడుం పట్టేసింది. వేలాడాడు, నొక్కాడు, పడ్డాడు. లేచేసరికి ఊడిన పన్ను సందులో పొట్టు ఇరుక్కుని ఉంది. దాన్ని ఉమ్మేసి, "ఇగ కడుత" అన్నాడు. ఆ ఒక్క మాట కోసమే ఫకీరు ఇన్నాళ్లూ కాచుకున్నది. కళ్లు తుడుచుకుంటూ, పొట్టు పడిందన్నాడు.

ఆ నాటి నుంచి రోజూ పొద్దున జీపు దుకాణం ముందు ఆగేది. కురుమూర్తి దిగడు, మాట్లాడడు. ఫకీరు వినేటట్టు బెల్టు లాగి 'ఠక్' మనిపించి పోయేవాడు. ఆ చప్పుడు విన్నాకే ఫకీరు కత్తెర పట్టేవాడు.

మరుసటి సంవత్సరం వానాకాలం. మూడు రోజులుగా ముసురు. మధ్యాహ్నం దేవరాజు చేతిలో సెల్‌ఫోనుతో పరుగెత్తుకొచ్చాడు. "అన్నా, కురుమూర్తన్న జీపు బోల్తా పడ్డదట. పాన్‌గల్ తొవ్వల, వరిమడిల. నీళ్లున్నయట."

ఫకీరు చేతిలో సూది ఆగిపోయింది. నీళ్లు. తలకిందులు. పొద్దున ఆ ఠక్ తన చెవులతో విన్నాడు. కట్టనంటున్నవాణ్ణి కట్టించింది తనే. వాడు దూకి బతికేవాడు, ఇప్పుడు సీటుకు కట్టి ఉన్నాడు. ఊడిందా? ఊడిందా? దేవరాజు మోటారు సైకిలు వెనక కూర్చుని దారంతా అల్లాను ఆ ఒక్క మాటే అడిగాడు.

గొర్ల మంద అడ్డం వస్తే తప్పించబోయి దొర్లిందట బండి. నాలుగు చక్రాలూ ఆకాశానికి ఎత్తి మడి మధ్యలో పడి ఉంది. గట్ల మీద జనం. ఫకీరు ఎవరి మొహమూ చూడలేదు, ఎవరినీ అడగలేదు. అడిగే ధైర్యం లేదు. మోకాలి లోతు బురదలో పడుతూ లేస్తూ పోయి, కిటికీలోంచి తల లోపలికి పెట్టాడు.

సీటు ఖాళీ. పట్టీ వదులుగా వేలాడుతోంది. పెట్టె నోరు ఖాళీగా ఉంది, రెగ్జిన్ టోపీ దారానికి ఊగుతోంది. ఫకీరు దాన్ని రెండు చేతులతో పట్టుకుని అలాగే ఉండిపోయాడు.

"ఏం దేవులాడుతున్నవ్‌రా ఆడ? నా పన్నైతె మన్ననూర్ల పోయింది, గాడ లేదు!"

ఆ గొంతు! బర్రెలు జరిగే గొంతు! తిరిగి చూస్తే గట్టు మీద కురుమూర్తి. తలకు తువ్వాల, ఒళ్లంతా బురద, చేతిలో ఎవరో రైతు ఇచ్చిన చాయ గ్లాసు. ఫకీరు ఎలా గట్టెక్కాడో ఆయనకే తెలియదు. వాణ్ణి గట్టిగా కౌగిలించుకుని చంటిపిల్లాడిలా ఏడ్చాడు.

"ఊడింది గదా! ఒక్క వేలితోనే ఊడింది గదా!"

"ఊడకేం? మంచిగ ఊడింది." కురుమూర్తి తువ్వాల ఎత్తి నడినెత్తిన నిమ్మకాయంత బొప్పి చూపించాడు. "గానీ పొట్టు మూట ఏదిరా? నువ్వు పడ్డప్పుడు గంత పొట్టు పోయించుకుంటివి. నన్ను మటుకు ఉత్త రేకు మీద పడేస్తివి!"

ఫకీరుకు ఏడుపు ఆగలేదు, నవ్వూ ఆగలేదు. దేవరాజు, గట్టు మీది రైతులు, గొర్ల కాపరి, అందరూ నవ్వారు.

జీపు మళ్లీ రోడ్డెక్కింది. ఇప్పటికీ కొత్తగా ఎక్కినవాళ్లు తల ఎత్తి చూసి ఆశ్చర్యపోతారు. డ్రైవరు నెత్తికి సరిగ్గా పైన, లోపలి టాపుకు, మెత్తటి ఎర్ర రెగ్జిన్ సీటు ఒకటి బోర్లా కుట్టి ఉంటుంది.

"పైన సీటేందన్నా? ఎవరు కూసుంటరు గాడ?" అని అడుగుతారు.

కురుమూర్తి బెల్టు లాగి ఠక్ మనిపిస్తాడు.

"గది నా నెత్తికి. మా ఫకీరు కుట్టిండు."